ఎముక చెప్పే ఎదుగుదల

వేసవి సెలవుల్లో పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరాన్ని చూపించే ఉంటారు. దాని పేరు కోటసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది. ‘చనిపోయేనాటికి దీని వయసెంత?’ అని మీవాడు అడిగితే ఏం చెబుతారు? ఇలాంటి ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఎముక లోపలే జవాబు వెతుకుతారు. పిల్లలు సరిగా ఎదుగుతున్నారా లేదా అన్నది తేల్చుకోవడానికి మేం కూడా ఎముకనే చూస్తాం.

చెట్టుకు ఉన్నట్టే వలయాలు

చెట్టు మొద్దును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి కదా. మొసళ్ల కాలి ఎముకల్లోనూ అలాంటి గీతలే ఉంటాయి. కాలం అనుకూలించని నెలల్లో ఎదుగుదల ఆగిపోతుంది, అక్కడ ఒక గీత పడుతుంది. డైనోసార్ ఎముకను పలుచగా కోసి, మైక్రోస్కోపు కింద ఈ గీతలను లెక్కపెడతారు. గీతకూ గీతకూ మధ్య ఎడం ఎక్కువుంటే ఆ ఏడాది బాగా ఎదిగిందని అర్థం. వయసు పెరిగేకొద్దీ లోపలి గీతలు చెరిగిపోతాయి కాబట్టి కొంత అంచనా కూడా తప్పదు. టైరనోసారస్ రెక్స్ కుర్ర వయసులో రోజుకు సుమారు 2 కిలోల బరువు పెరిగేదని 2004లో వెలువడిన ఒక పరిశోధన ఇలాగే లెక్కగట్టింది.

డైనోసార్ల వారసులు మన పెరట్లోనే ఉన్నారు. అవే కోళ్లు! అవి ఏడాది తిరక్కుండానే పూర్తిగా ఎదిగిపోతాయి, అందుకే వాటి ఎముకల్లో లెక్కపెట్టడానికి ఏటేటా గీతలు పడవు.

మరి మన పిల్లల సంగతి?

మనిషి ఎముకలో ఇలా లెక్కపెట్టే గీతలు ఉండవు. పాత ఎముక కరుగుతూ, కొత్తది చేరుతూ ఉంటుంది. కానీ మరో గుర్తు ఉంది. పిల్లల పొడవాటి ఎముకల చివర మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది. దీన్ని గ్రోత్ ప్లేట్ అంటాం. పొడవు పెరిగేది ఇక్కడే. ఈ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతే ఇక పొడవు పెరగరు. మణికట్టు దగ్గర ఇది ఆడపిల్లల్లో సుమారు 15-17 ఏళ్లకు, మగపిల్లల్లో 17-19 ఏళ్లకు మూసుకుంటుంది.

అందుకే ఎడమ చేతి మణికట్టుకు ఒక ఎక్స్‌రే తీస్తాం. పుట్టినప్పుడు మణికట్టులోని చిన్న ఎముకలన్నీ మృదులాస్థిగానే ఉంటాయి. తర్వాత ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ ఎక్స్‌రేలో కనపడతాయి. ఎన్ని కనిపిస్తున్నాయి, వాటి ఆకారం ఎలా ఉంది అన్నది చూసి ‘ఎముక వయసు’ చెబుతాం.

పదేళ్ల పిల్లాడి ఎముక వయసు ఏడేళ్లే ఉంటే కారణం వెతకాలి. థైరాయిడ్ లోపం, ఎదుగుదల హార్మోన్ తక్కువ కావడం, పోషకాహార లోపం, దీర్ఘకాలిక జబ్బు కావచ్చు. ఏ జబ్బూ లేకుండా ఆలస్యంగా ఎదిగే పిల్లలూ ఉంటారు. వాళ్లకు ఇంకా సమయం ఉన్నట్టే. ఎముక వయసు ముందుకు పోయి ఉంటే మాత్రం జాగ్రత్త. ఆడపిల్లలో 8 ఏళ్లలోపు, మగపిల్లాడిలో 9 ఏళ్లలోపు యుక్తవయసు లక్షణాలు మొదలైతే, ఇప్పుడు క్లాసులో అందరికంటే పొడుగ్గా కనిపించినా గ్రోత్ ప్లేట్లు త్వరగా మూసుకుపోయి చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చు.

ఎముక వయసు పుట్టినతేదీ కాదు. దీంతో వయసు తేల్చినప్పుడు అటూఇటూ రెండేళ్ల తేడా ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

మన నీళ్ల సంగతి

మన పశ్చిమ ప్రకాశం వాళ్లు ఒక సంగతి మరిచిపోకూడదు. దేశంలో ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి వివరంగా నమోదు చేసింది 1937లో. ఆ ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలోనివి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి. ఇప్పటికీ మన చాలా ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. చిన్నప్పుడు తాగిన నీరు పంటి ఎనామిల్‌లో గుర్తుగా మిగిలిపోతుంది. పళ్ల మీద సుద్దలాంటి మచ్చలు, గోధుమ రంగు చారలు అవే. ఎముకలో మాత్రం ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి చేరుతూనే ఉంటుంది. కాల్షియం కూడా తక్కువైతే పిల్లల కాళ్లు వంకరపోవచ్చు.

నీరు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీటిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. అంతకు మించితే తాగడానికీ, వండడానికీ వేరే నీళ్లు చూసుకోండి. పిల్లలకు పాలు, పెరుగు, రాగిసంగటి, ఆకుకూరలు తగ్గనివ్వకండి.

ఇంట్లో ఏం చేయాలి?

● ఆరు నెలలకోసారి చెప్పులు విప్పించి, మడమలు, వీపు గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలవండి. గోడ మీద గీత గీసి తేదీ రాయండి.

● నాలుగేళ్ల నుంచి యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి 5-6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కంటే తగ్గితే ఆ కొలతలతో పిల్లల డాక్టర్‌ను కలవండి. ఎక్స్‌రే కావాలో వద్దో వారే చెబుతారు.

● పక్కింటి పిల్లాడితో పోల్చకండి. అమ్మానాన్నల ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి.

● ‘ఎత్తు పెంచే’ పొడులకు డబ్బు పోయకండి. మూసుకుపోయిన గ్రోత్ ప్లేట్‌ను ఏ పొడీ తెరవలేదు.

థైరాయిడ్ లోపాన్ని వేళకు కనిపెడితే రోజుకో చిన్న మాత్రతో పిల్లలు చక్కగా ఎదుగుతారు. ‘పదో తరగతి అయ్యాక చూద్దాంలే’ అనుకుంటే అప్పటికి గ్రోత్ ప్లేట్ మూసుకుపోవచ్చు. గోడ మీద రెండు గీతల మధ్య ఎడం తగ్గిందని తెలిసిన రోజే బయల్దేరండి.