పెరటిలో రంగు చెట్టు

కొరాపుట్, రాయగడ జిల్లాలలోని మన నేత కుటుంబములవారు కొందరు, తోటలకు అందము నిచ్చు ‘స్మోక్ ట్రీ’ అను చెట్టు బొమ్మను చూచి, అది మన పెరటిలో పెరుగునా, దానినుండి నూలుకు రంగు వచ్చునా అని మమ్ము అడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేరుగా చెప్పుటకన్న ఈ పత్రిక ద్వారా అందరికీ తెలియజేయుట మేలని తలచితిమి.

దీనిని మనము పొగచెట్టు అనుకొనవచ్చును. ఇది మామిడి, జీడిమామిడి చెట్ల కుటుంబములోనిదే. పూలు రాలిన పిదప పూగుత్తుల కాడలపై సన్నని నూగు దట్టముగా పెరిగి, దూరమునుండి చూచిన చెట్టుమీద పొగ కమ్మినట్లు కనిపించును. దక్షిణ ఐరోపా మొదలు మన హిమాలయముల వరకు, ఆ పైన చైనాలోను ఇది సహజముగా పెరుగును. దీని కలపనుండి పసుపు రంగు తీసి ఐరోపా అద్దకపువారు పూర్వము వాడెడివారు. ఆకును తోళ్లు పదును చేయుటకు వాడిరి.

అయితే రెండు సంగతులు గమనించవలెను. ఒకటి, ఇది చల్లని ప్రదేశముల చెట్టు. నీరు నిలిచిన నేల దీనికి గిట్టదు. రెండవది, దీని పసుపు ఎండకు నిలువదు. బట్ట నేసి అమ్మి బ్రతుకు మనకు వెలసిపోవు రంగు చెరుపే గాని మేలు కాదు.

మరి మన నేలకు తగిన రంగు చెట్టు లేదా? ఉన్నది. అదే తొగరు. మన భాషలో తొగరు అనగా ఎరుపు అనియు అర్థము. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో దీనిని ‘ఆల్’ అందురు. అక్కడి మిర్గాన్ నేతవారు ఈ చెట్టు వేరుతోనే నూలుకు ముదురు ఎరుపు, గోధుమ రంగులు వేసి, చుట్టుపట్ల గిరిజనులు కట్టు బట్టలు నేయుచు వచ్చిరి. 1868లో జర్మనీలో ఎర్ర రంగును రసాయన విధానమున చేయుట కనిపెట్టిన తరువాత మధ్య భారతములో తొగరు సాగు క్షీణించినది. కోట్‌పాడ్‌లో ఆ విద్య నిలిచియున్నది. వారి బట్టలకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ఊరి నేతకారులు గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ వచ్చినది.

తొగరు చూపునకును అందమైన చెట్టే. ఆకులు పెద్దవి, నిగనిగలాడుచు ఏడాది పొడుగునా పచ్చగా నుండును. పూలు తెల్లనివి, వాసన గలవి. పండు మాత్రము మగ్గినపుడు చెడువాసన వేయును గనుక వాకిట గాక పెరటి చివర నాటవలెను. పండిన కాయలోని గింజలను కడిగి నాటవచ్చును. గింజ పెంకు గట్టిది, మొలకెత్తుటకు చాల దినములు పట్టును. పెంకు కొనను కొంచెము కత్తిరించిన త్వరగా మొలుచును. వానాకాలమున కొమ్మ నాటినను బ్రతుకును.

ఇక ముఖ్యమైన సంగతి. రంగు ఉన్నది వేరుమీది బెరడులో. వేరు కావలెనన్న మొక్కను పెకలించవలసినదే. అడవిలో త్రవ్వుకొని వచ్చుచు, మరల నాటకున్న, ఆ అడవి ఎన్నాళ్లు ఇచ్చును? పైగా మూడు నాలుగేండ్ల మొక్క సన్నని వేర్లలోనే రంగు ఎక్కువ. ముదిరిన చెట్టు లావు వేర్లలో తగ్గిపోవును. కాబట్టి పెద్ద చెట్టును రంగుకై నరకుట దండుగ. మా సలహా ఇది: గింజకు, నీడకు ఒక చెట్టును ఉంచుకొనుడు. ఏటేట ఒక వరుస మొక్కలు నాటుడు. నాలుగవ ఏటినుండి ఏడాదికొక వరుస త్రవ్వి, త్రవ్విన చోటనే మరల నాటుడు. అప్పుడు వేరు తరుగదు.

వేరు చేతికి వచ్చినంత మాత్రమున పని తీరదు. నూలు చిలపలను ఆముదము, బూడిదనీరు, ఆవుపేడలతో పదును చేసి, ఉతికి, ఆరవేసి, మరల మరల వారాల తరబడి చేయవలెను. ఆ పిమ్మటనే వేరుపొడి నీటిలో ఉడికించవలెను. నలుపు తిరిగిన రంగు కావలెనన్న అన్నభేది చేర్తురు. అది మితిమీరిన నూలు పెళుసెక్కి మగ్గముమీద తెగును.

మా సంఘములో ఒకసారి తొందరపడి ఈ పదునును వారము దినములలో ముగించితిమి. రంగు పట్టినట్లే కనబడినది. తొలి ఉతుకులోనే పడుగు ఎరుపు పేక తెలుపుమీదికి దిగినది. సరకు తిరిగి వచ్చినది, నష్టము సంఘమే భరించినది. తప్పు చెట్టుది కాదు, మాదే. నాటినుండి ప్రతి దఫాలోను ఒక చిలపను ముందు సబ్బుతో ఉతికి, ఎండలో ఉంచి చూచిన తరువాతనే మగ్గమునకు ఇచ్చుచున్నాము.

కడపట ఒక మాట. కోట్‌పాడ్ అను పేరు ఆ ఊరి నేతవారి సొత్తు. మన బట్టపై ఆ పేరు వేయరాదు. ‘తొగరు వేరు రంగు’ అని ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్ముకొందము. అది అబద్ధము కాకుండవలెనన్న, వచ్చు తొలకరికే ప్రతి ఇంటి పెరటిలో కనీసము ఒక వరుస తొగరు నాటవలెనని కోరుచున్నాము.