ఆకలి లేకున్నను అన్నము

"ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు" అని మన పెద్దలు చెప్పుదురు. ఆకలిగొన్నవారిని గూర్చి మనకు సామెతలు పెక్కులు గలవు. ఆకలియే లేనివారిని గూర్చి మాత్రము "లంఖణము పరమౌషధము" అను నొక్కమాటతో సరిపుచ్చుకొందుము. అజీర్ణము చేసిన పూట కా మాట కొంత పనికివచ్చునేమో గాని, స్థూలకాయము తగ్గుటకై జీర్ణకోశమునకు శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీ విషయమున నది మిక్కిలి యపాయకరము. అట్టి స్త్రీ ఆకలికై వేచియుండరాదు. మందు పుచ్చుకొన్నట్లు వేళ పట్టి యన్నము తినవలెను. ఇంటివారును ఆమెచే తినిపింపవలెను. ఈ విషయమును విశదపఱచుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

నూజివీటి ప్రాంతమున మామిడితోట గల యొక యిల్లు ననుకొందము. వైశాఖమాసము. గడ్డిలో మాగవేసిన కాయల వాసన వసారా నిండ వ్యాపించియున్నది. చుట్టములు వచ్చియున్నారు. ఆ యింటి కోడలు మూడునెలల క్రిందట పట్టణమునకు బోయి యీ చికిత్స చేయించుకొని వచ్చినది. వచ్చినవా రెల్లరును "ఎంత సన్నబడితివమ్మా!" యని మెచ్చుకొనుచున్నారు. ఆమె ఉదయము కాఫీ త్రాగినది. మధ్యాహ్నము అందఱకును వడ్డించి, కడపట కూర్చుండి, రెండుముద్దలు నోట బెట్టుకొని లేచినది. సాయంకాలము పెద్దవారి మాట త్రోసివేయలేక యొక రసము పండును పిండుకొని త్రాగగా గుండె దడదడలాడి, చెమటలు పోసి, పండుకొనవలసివచ్చినది. రాత్రికి భోజనమే లేదు. దువ్వెన పెట్టిన వెండ్రుకలు కుచ్చులుగా వచ్చుచున్నవి.

"ఇంకొక ముద్ద తినరాదా, అమ్మాయీ?"

"ఆకలిగా లేదండీ, అత్తయ్యగారూ."

"పోనీలే, బలవంతాన తింటే అరగదు. ఆకలైనప్పుడే తిందువు గాని."

అత్తగారి మాటలో ప్రేమయే కలదు. కాని యా యాకలి నెలల తరబడి రాకపోవచ్చును. అంతవఱకు ఆ దేహము దేనితో నిలుచును?

ఆకలి యేల పోవును?

ఈ చికిత్సలలో ముఖ్యమైనవి రెండు. స్లీవ్ అను పద్ధతిలో జీర్ణకోశమును నిలువుగా గోసి, నాలుగింట మూడువంతులకు పైగా తీసివేసి, అరటిపండువంటి సన్నని గొట్టముగా మిగుల్తురు. బైపాస్ అను పద్ధతిలో జీర్ణకోశపు పైభాగమున చిన్న సంచి నేర్పఱచి, దానిని చిన్నప్రేగున కతుకుదురు. మన కాకలి పుట్టించు ద్రవ్యములలో నొకదానికి గ్రెలిన్ అని పేరు. దీనిని 1999లో జపాను దేశమున కొజిమా, కంగావా యను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది విశేషముగా జీర్ణకోశపు పైభాగముననే పుట్టును. స్లీవ్ చికిత్సలో తీసివేయబడు భాగ మదియే. అంతేగాక, యీ చికిత్సల తరువాత "ఇక చాలు" నని మెదడునకు దెలుపు ప్రేగుల ద్రవ్యములు హెచ్చును. కావున ఆకలి లేమి మందాగ్ని కాదు. శొంఠికషాయమును, జీలకఱ్ఱయు, టానిక్కులును దానిని రప్పింపజాలవు. ఆకలి యను గంట మ్రోగుట మానినది గాని, దేహమునకు గావలసిన సరకు మాత్రము తగ్గలేదు.

కొందఱకు మఱియొక భయము గలదు. "తినినచో మరల లావగుదునేమో!" యని వారు కడుపు మాడ్చుకొందురు. ఇది పొరపాటు. మాంసకృత్తులు చాలనిచో దేహము క్రొవ్వుతో పాటు తన కండనే కరగించుకొనును. నీరసము, తల తిరుగుట, రక్తహీనత దాని ఫలములు. మూడవనెల మొదలు ఆఱవనెల వఱకు జుట్టు కొంత రాలుట బరువు త్వరగా తగ్గినవారి కందఱకును గలుగవచ్చును, తరువాత మొలచును. కాని మాంసకృత్తులును, ఇనుమును లోపించినచో నది మిక్కుటమగును.

ఎంత తినవలెను?

దినమునకు 60 గ్రాములు మొదలు 80 గ్రాముల వఱకు మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. మన వంటయింటి లెక్కలో జూతము. కోడిగ్రుడ్డు ఒకటి 6 గ్రాములు. పాలు 150 మిల్లీలీటర్లు 5. పెరుగు 100 గ్రాములు 3. ఉడికిన చేప 50 గ్రాములు 10. పనీరు 50 గ్రాములు 9. గట్టిగా వండిన కందిపప్పు చిన్న గిన్నెడు 6 లేక 7. అన్నము 100 గ్రాములలో మాత్రము రెండున్నర గ్రాములే. రెండుముద్దల చారన్నముతో లేచిన కోడలికి దక్కిన దెంతయో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

మెత్తని యాహారము దాటి సాధారణ భోజనమునకు వచ్చినవారికి ఒకదినపు వరుస యిట్లుండవచ్చును. ఉదయము 7 గంటలకు గ్రుడ్డు. 10 గంటలకు వైద్యుడు చెప్పిన మాంసకృత్తుల పొడి పాలలో గలిపి మెల్లగా త్రాగుట. పొడిలో 20 గ్రాములుండినచో నిది 25 అగును. ఒంటిగంటకు చేపముక్క, రెండుచెంచాల పప్పు, తరువాత నొకటిరెండు చెంచాల అన్నము. 4 గంటలకు పెరుగు. 7 గంటలకు పనీరు. 9 గంటలకు పాలు. ఇది మొత్తము సుమారు 60 గ్రాములు. చేప తిననివారు 20 గ్రాముల మీల్‌మేకరును నానబెట్టి, మెత్తగా నుడికించి, చిదిమి వండుకొన్న నదియు 10 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. మొదటి వారములలో ద్రవములు, పిమ్మట మెత్తనివి, ఆ పిమ్మట సామాన్యాహారము అను క్రమమును మాత్రము శస్త్రవైద్యుడు చెప్పినట్లే నడుపవలెను.

తిను విధము

పళ్లెములో మాంసకృత్తులు గల పదార్థమును ముందు తినవలెను, కూర తరువాత, అన్నము కడపట. చిన్నచెంచాతో దీసికొని మెత్తగా నమలి, ఇరువది ముప్పది నిమిషములలో ముగింపవలెను. ఱొమ్ముక్రింద బరువు దోచినను, ఎక్కిళ్లు వచ్చినను అంతటితో నాపవలెను. భోజనముతో నీరు త్రాగరాదు. అరగంట గడచిన పిమ్మట గుటక గుటకగా దినమునకు లీటరున్నరకు తగ్గకుండ త్రాగవలెను. వేడి వంటల వాసనయే వెగటగువారికి చల్లని పెరుగు, చల్లని పాలు సులభముగా దిగును. గడియారముననో, చేతి ఫోనులోనో గంట పెట్టుకొనుట మేలు. చాలమందికి కొన్ని నెలల పిమ్మట ఆకలి కొంత మరలివచ్చును. ఈ లోపల పడిన యలవా టప్పుడు మిగుల నుపకరించును.

మామిడిపండ్ల మాట

నూజివీటి పేరు చెప్పి మామిడిపండు వలదనుట యెట్లు? వలదనుట లేదు; క్రమము తెలిసికొనవలెను. మామిడిపండు 100 గ్రాములలో చక్కెర సుమారు 14 గ్రాములుండగా, మాంసకృత్తు లొక్క గ్రామైనను లేవు. చిన్నరసమును, పెద్దరసమును పిండుకొని త్రాగినపుడు ఆ చక్కెర యంతయు నొక్కుమ్మడిగా ప్రేగులోనికి దిగును. పైన జెప్పిన కోడలికి గలిగిన గుండెదడ, చెమటల కిదియే కారణము. బైపాస్ అయినవారిలో నిది మఱింత హెచ్చు. కావున పప్పో, చేపయో తినిన పిమ్మట బంగినపల్లి ముక్కలు రెండు నమలి తినుట మంచిది. మామిడితాండ్ర చక్కెర ముద్ద గనుక దానికి దూరముగ నుండవలెను.

మన తోటలోనే వేఱొక మేలు గలదు. చెక్కుతీసిన పచ్చిమామిడికాయతో గట్టిగా వండిన పప్పు! కారము తగ్గించి మెత్తగా నుడికించినచో, ఆ పులుపు చచ్చిన నాలుకను లేపును. పప్పు బలము నిచ్చును. పండు పెట్టి ప్రేమ చూపునట్టి చుట్టములు మామిడికాయపప్పు పెట్టి చూపినచో నిజముగా మేలు చేసినవారగుదురు.

మఱువరాని యపాయము

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మన సర్కారు జిల్లాలలో మరపట్టిన తెల్లబియ్యము తినువారికి బెరిబెరి వ్యాధి వచ్చుచుండెడిది. బి-1 విటమిను లోపమే దానికి మూలము. ఈ విటమిను దేహములో నిలువయుండునది రెండుమూడు వారములకే. చికిత్స పొందిన స్త్రీ సరిగా తినక, పైగా వాంతులు చేసికొనుచున్నచో నది త్వరలోనే తరిగిపోవును. చూపు రెండుగా గనబడుట, నడక తూలుట, మాట తడబడుట, మతి తప్పుట పొడసూపినచో క్షణమైన జాగు చేయక పెద్ద ఆసుపత్రికి గొనిపోవలెను. నీరసమునకు గ్లూకోజుసీసా యెక్కించుట మన యూళ్లలో వాడుక. బి-1 లేనివారికి దానిని ముందీయక గ్లూకోజు నెక్కించినచో నీ యపాయము ముదురును. కావున ఏ వైద్యుని కడకు బోయినను "ఈమెకు జీర్ణకోశ చికిత్స జరిగినది; వాంతులగుచున్నవి; బి-1 ముందీయవలెనా?" యని యడుగుట యింటివారు నేర్చుకొనవలెను. దినమంతయు నీరైనను నిలువక వాంతియైనచో మఱునాటికై వేచియుండరాదు.

విటమినులు, బి-12, ఇనుము, కాల్షియము జీవితాంతము వైద్యుడు చెప్పినట్లు పుచ్చుకొనవలెను. ఇనుమునకును కాల్షియమునకును రెండుగంటల యెడముండవలెను. పదునెనిమిది మాసముల వఱకు గర్భము రాకుండ జూచుకొనుట శ్రేయము. బైపాస్ పిమ్మట నోటిమాత్రలు సరిగా పనిచేయకపోవచ్చును గనుక తగిన మార్గమును వైద్యురాలి నడుగవలెను. నోములు, ఏకాదశి యుపవాసములు వైద్యుని యనుమతి లేనిదే చేయరాదు. బలము వచ్చిన పిమ్మట చేసికొనవచ్చును.

సోదరీమణులారా! మన యిండ్లలో గృహిణి యందఱకును పెట్టి, మిగిలినది తినుట గొప్పగుణముగా నెంచబడుచున్నది. ఆకలియున్నవారికైన నది మేలు కాదు. ఆకలి యడుగని దేహము గలవారి కది శిక్ష. అట్టి కోడలో, కూతురో, తోడికోడలో మీ యింట నున్నచో, వంట కాగానే ముందుగ నామె పళ్లెములో గ్రుడ్డో, పప్పో పెట్టి ప్రక్కన గూర్చుండుడు. "ఆకలి యైనదా?" యని యడుగకుడు. "వేళయైనది, తినుమమ్మా" యని చెప్పుడు.