పనిలో అమానత్

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! నమాజు వేళను మనం అమానత్‌గా భావిస్తాము. ఉద్యోగపు వేళ కూడా అమానతే.

1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారంతో బోధన్ చెరకుసీమగా పేరుపొందింది. అది 2015 డిసెంబరులో మూతపడింది. అయినా చెరకు పండించిన ప్రతి ఇంటికీ ఒక సంగతి తెలుసు: నరికిన చెరకు నిలవ ఉండదు. ఎండలో ఆగినకొద్దీ బరువూ, తీపీ తగ్గుతాయి. కాబట్టి కాటా దగ్గరి ఉద్యోగి తూకంలో కిలో కూడా తగ్గించకపోవచ్చు. కాని బండిని నిష్కారణంగా ఆపితే రైతుకు కొలత తగ్గినట్టే. తాము తీసుకునేటప్పుడు నిండుగా, ఇతరులకిచ్చేటప్పుడు తక్కువగా కొలిచేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. నెల జీతం నిండుగా తీసుకొని పనిని తగ్గించి ఇచ్చేవారికి ఈ హెచ్చరిక వర్తించదని ఎలా అనగలం?

ఖసస్ సూరాలోని మూసా (అ) వృత్తాంతం చూడండి. మద్‌యన్ నీటిరేవు వద్ద కాపరులు పశువులకు నీళ్ళు పెడుతుండగా ఇద్దరు స్త్రీలు తమ మందను ఆపుకొని దూరంగా నిలబడ్డారు. ఆయన పరదేశి, ఏ ఆధారమూ లేనివారు. అయినా వారి ఇబ్బంది ఏమిటని అడిగి, మందకు నీళ్ళు పెట్టి, కూలి కోరకుండా నీడకు వెళ్ళిపోయారు. ఆ తరువాతనే, బలమూ నమ్మకమూ గల ఇతనిని పనిలో పెట్టుకోమని వారిలో ఒకామె తండ్రికి చెప్పింది. సహాయం ముందు, ఉద్యోగం తరువాత! "అది నా పని కాదు" అనే ముందు ఈ వృత్తాంతం తలచుకుందాం.

అమానత్‌కు మతభేదం లేదు. ప్రవక్త (స) సందేశాన్ని తిరస్కరించిన మక్కావాసులు సైతం తమ సొమ్మును ఆయన వద్దనే దాచుకున్నారు. హిజ్రత్ వేళ వాటిని అప్పగించే బాధ్యతను ఆయన హజ్రత్ అలీ (ర)కు ఇచ్చారు. మన బల్ల ముందుకు వచ్చే ప్రతి మనిషి హక్కూ అంతే పవిత్రమైనది.

ఒక్క సంతకం కోసం వచ్చినవారిని "రేపు రండి" అని మేమూ తిప్పిపంపి ఉంటాము. తోటి మానవుల హక్కు కేవలం తౌబాతో తీరదు. వారికి చెల్లించాలి, లేదా వారే క్షమించాలి. ఆ మనిషి ఊరేదో, పేరేదో మనకు తెలియదు. అతనిని ఎక్కడ వెతుకుతాం? లోకంలో తీర్చని బాకీని పరలోకంలో మన పుణ్యాలతో తీర్చవలసి వస్తుందని ప్రవక్త (స) హెచ్చరించారు. కనుక రేపు పనికి వెళ్ళినప్పుడు ముందుగా, చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్న మనిషిని పిలుద్దాం.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక! ఆమీన్.