సగపు ఇంజను చరిత్ర

పటాన్‌చెరు మొదలుకొని పాశమైలారము, ఇస్నాపూరుల మీదుగా సంగారెడ్డి వరకు వ్యాపించిన కర్మాగారముల నడుమ, జాతీయరహదారినుండి చీలిపోవు ఏ త్రోవ మొగదల నిలిచి చూచినను, రసాయనపు పీపాలు, ఇనుపగొట్టములు, అట్టపెట్టెలు, ఒక్కొక్కప్పుడు కాపురము మార్చు కూలీల మూటాముల్లె, ఇన్నిటిని మోయుచు మలుపుమలుపునకు గేరు తగ్గించుకొని సాగు చిన్న ట్రక్కులే మిక్కుటముగా కానవచ్చును. ఈ బండ్లను బాగుచేయు షెడ్లలో తరచుగా వినవచ్చు సంభాషణ యొకటి కలదు. “ఉస్తాద్, బండికి పికప్ సాల్తలేదు, పెద్దింజను ఎక్కిస్తే ఎట్లుంటది?” అని డ్రైవరు అడుగును. “ఇంజను ఒక్కటి ఎక్కిస్తే అయితదా తమ్మీ, ఎనుకదంత మార్చాలె” అని మేస్త్రీ బదులు చెప్పును. ఆ వెనుకనున్నది ఏమో, అది యేల మార్చవలెనో గ్రహించుటకు ఒక చిన్న ట్రక్కు జన్మవృత్తాంతమును కొంత వివరముగా చూడవలసియున్నది. ఏలయన ఆ ట్రక్కునకు మొదట దక్కినది సరిగా సగము ఇంజను, పిదప దాని తోబుట్టువునకు దక్కినది పూర్తి ఇంజను.

తేలిక ట్రక్కు అనునది ఈ సీమకు క్రొత్త కాదు. 1942లో నిజాము రాజ్యమున స్థాపితమై, రెండంతస్తుల బస్సులు మొదలు రిఫ్రిజిరేటర్ల వరకు, చేతిగడియారముల వరకు నిర్మించిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ, 1980వ దశకమున జపాను దేశపు నిస్సాన్‌తో చేయి కలిపి, జహీరాబాదునందు క్యాబ్‌స్టార్ అను ట్రక్కును తయారుచేయ బూనెను. అదే కాలమున టొయోటా డి.సి.ఎం.తోను, మిత్సుబిషి ఐషర్‌తోను, మాజ్దా స్వరాజ్‌తోను జతగూడి ఉత్తరభారతమున, మధ్యభారతమున కర్మాగారములు తెరచినవి. నాలుగును చక్కని యంత్రములే. కాని 1985 పిదప యెన్ విలువ పెరిగిపోగా, జపానునుండి తెప్పించు భాగముల ధర కొనువాని శక్తిని మించినది. ఆ దశకము ముగియునప్పటికే జహీరాబాదు కర్మాగారము మహీంద్రావారి చేతికి పోయెను. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారగుచున్నవి. ఆల్విన్ పేరు మియాపూరు చౌరస్తాకు మిగిలినది. ఆ నాలుగు బండ్లకును, మూడుచక్రముల ఆటోట్రాలీకిని నడుమ విశాలమైన ఖాళీ యొకటి ఉండనే ఉండెను. ముప్పాతిక టన్ను సరకును సన్నని సందులోనికి చేర్చవలసిన వానికి తగిన బండి లేదు.

ఆ ఖాళీని పూరించినది 2005 మే నెలలో వెలువడిన టాటా ఏస్. గిరీష్ వాఘ్ నాయకత్వమున దీనిని రూపొందించిన బృందము, గీతలు గీయుటకు ముందు మూడుచక్రముల బండ్లవారిని కలిసికొని వారికేమి కావలెనో అడిగినది. నాలుగుచక్రముల బండి యున్నచో తనకు మంచి సంబంధము వచ్చునని ఒక చోదకుడు చెప్పెనని చెప్పుకొందురు. ఇంజనీర్లు కొలతపట్టీతో కొలువజాలని అవసరము ఇదియొకటి. ఐతే ధర మూడుచక్రముల బండికి మరీ దూరము కాకూడదు. క్రొత్త ఇంజను నిర్మించుటకు కాలము పట్టును, ధనము పట్టును. అందుచే వారు తమ యింటనే వెదకిరి.

1998లో వచ్చిన టాటా ఇండికా కారునందు 1405 ఘనసెంటీమీటర్ల డీజెలు ఇంజను కలదు. అందలి నాలుగు సిలిండర్లలో ఒక్కొక్కదాని వ్యాసము 75 మిల్లీమీటర్లు, పిస్టను నడచు దూరము 79.5 మిల్లీమీటర్లు. ఆ నాలుగింట రెండింటిని తీసికొన్నచో 702 ఘనసెంటీమీటర్లగును. ఏస్ ఇంజను పరిమాణము అదియే. కాని ఇచ్చట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ఇండికా శక్తి సుమారు 53 అశ్వశక్తులు. అందు సగమన్న 26 పైన ఉండవలెను గదా, ఏస్‌కు 16 మాత్రమే యేల? శక్తి యనగా త్రిప్పుబలమును భ్రమణవేగముచే గుణించిన ఫలము. కారు ఇంజను తన పూర్తి శక్తిని నిమిషమునకు ఐదు వేల చుట్ల ప్రాంతమున వెలువరించును. ఏస్ ఇంజనుకు 3200 చుట్లకడనే హద్దు కట్టిరి. త్రిప్పుబలము ఇంచుమించు సగముగనే నిలిచి, వేగము కుదింపబడుటచే శక్తి మూడవవంతునకు దిగినది. ఇది కృపణత్వము కాదు. దినమెల్ల బరువు మోయు బండి ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడే చిరకాలము మన్నును, నూనె తక్కువ త్రాగును. ఏడేండ్లలో పది లక్షల బండ్లు అమ్ముడుపోవుటకు ఈ నిగ్రహమే ముఖ్యకారణమని నా యభిప్రాయము.

మరి డ్రైవరు మొర నిరాధారమా? లెక్క వేసి చూతము. ఏస్ మొత్తము బరువు, సరకుతో గూడ, 1550 కిలోగ్రాములకు మించరాదు. పది మీటర్లకొక మీటరు చొప్పున లేచు ఏటవాలుపై దానిని నెట్టుటకు, చక్రముల ఘర్షణతో గలిపి, 1750 న్యూటన్ల బలము కావలెను. 16 అశ్వశక్తులలో గేర్లయందు పోవునది పోగా మిగిలిన శక్తితో ఆ బండి గంటకు సుమారు 21 కిలోమీటర్ల వేగముతో ఎక్కగలదు. అదే బండిపై మరి ముప్పాతిక టన్ను కుక్కినచో వేగము 14కు పడిపోవును. వెనుకనున్న బస్సువాడు హారను మ్రోగించుట కిది చాలును. కనుక పికప్పు లేదను ఫిర్యాదులో కొంత ఇంజను దోషమున్నను, అధికభాగము బిల్లులో వ్రాయని సరకుదే. పదునారు అశ్వములు తాము మోయుదుమన్న బరువు మోయుచునే యున్నవి.

ఐనను ఎక్కువ మోయవలెనను కోరిక అన్యాయమైనది కాదు. దానిని తీర్చుటకు 2009లో సూపర్ ఏస్ వచ్చెను. ఇందు అదివరకు తీసివేసిన రెండు సిలిండర్లును తిరిగి చేరినవి. అదే 1405 ఘనసెంటీమీటర్ల ఇంజను, టర్బోఛార్జరు సహాయముతో గాలిని అదిమి పీల్చుకొని 70 అశ్వశక్తులను, 135 న్యూటన్-మీటర్ల త్రిప్పుబలమును ఇచ్చునదైనది. మొదటి ఏస్ త్రిప్పుబలము 38 న్యూటన్-మీటర్లకు దరిదాపు. ఇంజను నిర్మించినవారే, నమూనాలన్నియు తమ చేతనుండగనే, ఆ పూర్తి యంత్రమును పాత బండిలో దించి ఊరకుండలేదు. బండి నిడివి 3.8 మీటర్లనుండి 4.3 మీటర్లు దాటినది. పన్నెండంగుళముల చక్రములు పదునాలుగంగుళములైనవి. అనగా ఇంజను పెంచుటకై వారు మరియొక బండినే నిర్మించిరి.

కారణము త్రిప్పుబలము ప్రయాణించు మార్గమున కలదు. ఇంజను పుట్టించిన బలము క్లచ్చు ప్లేటు ఘర్షణ ద్వారా గేరుబాక్సులోనికి, అచ్చటినుండి ప్రొపెల్లరు షాఫ్టు ద్వారా వెనుక యాక్సిలు హౌసింగులోని క్రౌను పినియనుకు, తుదకు యాక్సిలు కడ్డీలకు పోవును. ఈ ప్రతి మజిలీయును 38 న్యూటన్-మీటర్లను మనసులో నుంచుకొని నిర్మింపబడినది. మూడున్నర రెట్లు బలము వచ్చి పడినప్పుడు మొదట క్లచ్చు జారి కాలును. బలమైన క్లచ్చు వేసితిమా, గేరు పండ్లు విరుగును. గేరుబాక్సు గూడ మార్చితిమా, క్రౌను పినియను వంతు వచ్చును. గొలుసులో బలహీనమైన కడియమును బాగుచేసినకొలది తెగుటకు మరియొకటి సిద్ధమగును. వేడి సంగతి వేరు. డీజెలులోని శక్తిలో మూడవవంతు ప్రాంతము చక్రములకు పోగా, ఇంచుమించు అంతయే నీటిలోనికి దిగును. కావున అశ్వశక్తి పెరిగినకొలది రేడియేటరును పెరుగవలెను, ఏస్ సీటు క్రింద ఇంజనుండు ఇరుకు గదిలో దానికి చోటు లేదు. బ్రేకుల మాట వేగము వర్గముతో ముడిపడినది: 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి 100 అందుకొన్నచో, నిలుపుటకు పీల్చవలసిన శక్తి దాదాపు 2.8 రెట్లగును. పికప్పు పెరిగినదని సంతసించిన నాడు పాత బ్రేకు డ్రమ్ములు జ్ఞప్తికి రావు.

ఇంజను మార్పిడి ఎల్లప్పుడు వేగమునకే అను తలంపు సరి కాదు. మహీంద్రావారు 1970వ దశకమున తమ జీపులోని 2199 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుకు బదులుగా, ఇంటర్నేషనల్ ట్రాక్టరు వంశమునకు చెందిన 2350 ఘనసెంటీమీటర్ల డీజెలు ఇంజనును అమర్చిరి. పరిమాణము పెరిగినది, అశ్వశక్తి మాత్రము ఇంచుమించు సగమునకు తగ్గినది. ఐనను కొన్నవారు వగవలేదు. డీజెలు చవుక, పైగా ట్రాక్టరు ఇంజను మెల్లగా తిరుగుచునే బరువు లాగగలదు. పెద్దదనుటకు కొలత యేదో ముందుగా నిర్ణయించుకొనుట మేలు.

చట్టము మేస్త్రీ పక్షముననే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన ప్రమాణములకు భిన్నముగా వాహనమును మార్చరాదని శాసించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే దృఢపరచెను. ఆర్.సి. పుస్తకములోని ఇంజను నంబరొకటి, బండిలోనిది వేరొకటి యైనచో ప్రమాదము జరిగిన నాడు బీమావారు మొగము చాటుచేయుదురు. ఈ దండన కఠినమని కొందరందురు గాని, రహదారిపై ఎదురువచ్చువాడు ఆ షెడ్డులో వెల్డింగు చేసిన బ్రాకెట్టు గట్టిదనమును పరీక్షించి రాలేదు గదా.

నిర్మాతలు మాత్రము ఇంజనును పరిమాణమున అంతగా పెంచకయే బలము పెంచు ఉపాయములు వెదకుచునే వచ్చిరి. 2015 నాటి ఏస్ మెగాలో సిలిండర్లు రెండే, పరిమాణము 798 ఘనసెంటీమీటర్లు. కామన్‌రైలు పద్ధతిచే నూనెను అధికమైన ఒత్తిడితో, సరియైన క్షణమున చిమ్ముటవలన 40 అశ్వశక్తులు లభించినవి. మునుపటి ఏటవాలు లెక్కలో ఈ శక్తిని వేసినచో వేగము 50 దాటును. పిమ్మట 2022లో వచ్చిన విద్యుత్తు ఏస్‌లో సిలిండర్లే లేవు. 27 కిలోవాట్ల మోటారు, అనగా సుమారు 36 అశ్వశక్తులు, 130 న్యూటన్-మీటర్ల త్రిప్పుబలమును ఇచ్చుచున్నది. సూపర్ ఏస్ తన నాలుగు సిలిండర్లతో, టర్బోతో సాధించినదానికి ఇది ఐదు మాత్రమే తక్కువ. డీజెలు ఇంజను ఆ బలమును పుంజుకొనుటకు నిమిషమునకు కొన్ని వేల చుట్లు తిరుగవలసియుండగా, మోటారు నిలుచున్నచోటనే అందించును. ఐనను ఆ బండి మొదట మోసిన సరకు 600 కిలోగ్రాములే. 2005 నాటి పదునారు అశ్వశక్తుల ఏస్ కంటె తక్కువ. 2024లో టన్ను మోయు విద్యుత్తు ఏస్ వెలువడినది. దాని మోటారు శక్తి ఆ 27 కిలోవాట్లే.