నల్లమల దారుల్లో డ్రోన్.. కొనేముందు ఏమి చూడాలి?
బరువు, బ్యాటరీ, అనుమతి: మూడింటిలో ఏది తప్పినా వేల రూపాయలు బూడిద పాలే

మహానంది: సెలవు దినం వచ్చిందంటే నంద్యాల, ఆత్మకూరు, బనగానపల్లె ప్రాంతాల యువకులు మోటారు సైకిళ్లపైనా, గేర్ల సైకిళ్లపైనా కొండదారులు పట్టడం కొన్నేళ్లుగా పెరిగింది. మహానంది, గాజులపల్లె మీదుగా గిద్దలూరు ఘాట్ వైపు కొందరు, ఎర్రమల కొండల మీదుగా అవుకు, బెలుం వైపు మరికొందరు, పెన్నా లోయ చూసేందుకు గండికోట దాకా ఇంకొందరు సాగుతున్నారు. ఆ ప్రయాణాన్ని ఆకాశం నుంచి చిత్రీకరించాలన్న ఉత్సాహంతో కెమెరా డ్రోన్ కొనేవారూ అధికమయ్యారు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ల వద్ద అద్దెకు తీసుకునేవారూ ఉన్నారు. అయితే మైదానంలో కల్యాణ మండపంపై ఎగిరిన యంత్రం కొండల్లోనూ అలాగే ఎగురుతుందని భావించడం పొరపాటు. పైగా నల్లమల విషయంలో యంత్రం కంటే ముందు చట్టం అడ్డు నిలుస్తుంది.

250 గ్రాముల గీత

2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన డ్రోన్ నిబంధనలు వీటిని బరువును బట్టి ఐదు తరగతులుగా విభజించాయి. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నవి, 150 కిలోల వరకు మధ్యరకం, ఆపైన పెద్దవి. రైడ్‌లు చిత్రీకరించేవారికి పనికివచ్చేవి మొదటి రెండు తరగతులే.

నానో డ్రోన్ ఎగురవేసేందుకు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. మైక్రో డ్రోన్‌ను సొంత సరదాకు ఎగురవేస్తే ధ్రువపత్రం అక్కర్లేదు గానీ, డబ్బు తీసుకుని చిత్రీకరిస్తే తప్పనిసరి. ఆ ధ్రువపత్రానికి 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి ఉత్తీర్ణత, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ ఉండాలి. ఒకసారి పొందితే పదేళ్లు చెల్లుతుంది. నానో మినహా మిగిలిన తరగతులకు మూడో పక్షం బీమా కూడా ఉండాలి. వారంలో ఐదు రోజులు పెళ్లిళ్లకు, ఆదివారం రైడ్‌కు ఒకే డ్రోన్ వాడదలచిన ఫొటోగ్రాఫర్ ఈ తేడాను ముందే గుర్తించాలి. 249 గ్రాముల యంత్రాలు అంతగా అమ్ముడవడానికి ప్రధాన కారణం ఈ గీతే తప్ప వాటి చిత్ర నాణ్యత కాదు. ఆ బరువు కూడా బ్యాటరీ, మెమరీ కార్డుతో కలిపి లెక్క. ఎక్కువసేపు ఎగిరేందుకు పెద్ద బ్యాటరీ తగిలించినా, రెక్కల చుట్టూ రక్షణ చట్రం బిగించినా గీత దాటిపోయి నానో కాస్తా మైక్రో అవుతుంది.

అంగడిలో దొరికేది అంతా చట్టబద్ధమేనా?

విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉంది. విడిభాగాలు తెచ్చుకోవచ్చు గానీ తయారైన డ్రోన్‌ను తేరాదు. అయినా చైనా సంస్థ డీజేఐ తయారీ మినీ తరగతి డ్రోన్లు నగరాల అంగళ్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దర్శనమిస్తూనే ఉన్నాయి. చిత్ర నాణ్యతలో అవి మేటి అనడంలో సందేహం లేదు. అయితే బిల్లు లేని వస్తువుకు వారంటీ ఉండదు, మరమ్మతుకు దిక్కుండదు. డ్రోన్‌ను పౌర విమానయాన శాఖ ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసి విశిష్ట గుర్తింపు సంఖ్య పొందాలన్నది నిబంధన. తనిఖీలో ఆ సంఖ్య చూపలేకపోతే యంత్రం చేజారే ప్రమాదం ఉంది. నిబంధనల ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కొనేవాడు ముందుగా అడగవలసింది కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని కాదు, జీఎస్టీ బిల్లు ఇస్తారా, నమోదు చేయించి ఇస్తారా అని.

పన్ను భారం కొంత తగ్గడం ఊరట. కెమెరా గల డ్రోన్లపై 18 శాతం, వ్యక్తిగత వినియోగానికని వర్గీకరించిన వాటిపై 28 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నింటికీ 5 శాతం చేశారు. దుకాణదారు పాత లెక్క చెబితే నిలదీయవచ్చు.

అడవిలో ఎగరేస్తే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మహానంది వెనుక లేచే కొండలు నల్లమలవి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికే అనుమతి కావాలి. ఆవాసానికి మార్పు గానీ, హాని గానీ కలగకుండా ఫొటోలు, చిత్రాలు తీసుకునేందుకు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చునని 2022 సవరణ చెబుతోంది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా చొరబడటం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. ఏది రిజర్వు అడవి, ఏది అభయారణ్యం అన్నది దారిన పోయేవాడికి తెలియదు. సమీప రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం ఒక్కటే మార్గం. బైర్లూటి, తుమ్మలబైలు వంటి చోట్ల అటవీ శాఖ నడిపే సఫారీకి టికెట్ కొన్నంత మాత్రాన డ్రోన్ ఎగురవేసే హక్కు రాదు. మహాశివరాత్రి, ఉగాది రోజుల్లో వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే కన్నడ భక్తులకు దారి విడుస్తారు గానీ, అది నడిచేవారికే.

ఈ కట్టడి వెనుక కారణం ఉంది. 2024 జూన్‌లో మహానంది ఆలయ పరిసరాల్లో చిరుత సంచారం భక్తులను వణికించింది. అదే నెలలో పచ్చర్ల వద్ద చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. అటువంటి చోట తల మీద తుమ్మెదలా మోగే యంత్రం జంతువును ఏ దిక్కుకు తరుముతుందో చెప్పలేము. తెరపై కళ్లు నిలిపిన పైలట్‌కు తన వెనుక పొదలో ఏముందో కనబడదు. మిడుతూరు మండలంలోని రోళ్లపాడు పక్షుల అభయారణ్యం బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటైనది. ఆ గడ్డిభూముల పైనా డ్రోన్ ఊసే ఎత్తరాదు.

అడవి దాటినా నిషేధిత ప్రాంతాలున్నాయి. విమానయాన శాఖ డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు అనుమతి లేకుండా ఎగురవేయవచ్చు. పసుపు, ఎరుపు మండలాలకు అనుమతి కావాలి. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుంచి చుట్టుపక్కల లెక్క మారింది. విమానాశ్రయ సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య పరిమితి 200 అడుగులే. ఇంకా దగ్గరకు వస్తే అనుమతి తప్పనిసరి. ఓర్వకల్లు రాతివనంలో ఫొటోలకు వెళ్లేవారు ఈ సంగతి మరచిపోతున్నారు. ఆ సమీపంలోనే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీఓ పరీక్షా క్షేత్రం ఉంది. 2025 జులైలో డ్రోన్ నుంచి క్షిపణిని ప్రయోగించి పరీక్షించినది అక్కడే. విచిత్రమేమంటే అదే ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ల తయారీ కేంద్రం నెలకొల్పుతామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం కాబట్టి అక్కడ ఆ శాఖ అనుమతి పొందాలి.

కొండకు తగిన యంత్రం

అనుమతి సంగతి తేలాక యంత్రం సంగతి చూడాలి. రైడ్ చిత్రీకరణకు మొదట కావలసింది మూడు అక్షాల గింబల్. కెమెరాను కదలకుండా పట్టి ఉంచే చిన్న మోటార్ల అమరిక ఇది. చౌక రకాల్లో గింబల్ ఉండదు. సాఫ్ట్‌వేర్‌తో కుదుపు సరిచేస్తామంటారు. గాలి వీచే కొండపై ఆ చిత్రం నీళ్లలో చూసినట్లు ఊగుతుంది. 'ఫోర్ కే' అని అట్టపెట్టెపై పెద్ద అక్షరాలతో రాసి ఉన్నంత మాత్రాన మోసపోరాదు.

రెండోది గాలి. 249 గ్రాముల మేలైన రకాలు సెకనుకు 10.7 మీటర్ల గాలిని, అంటే గంటకు సుమారు 38 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటాయని తయారీదారులు చెబుతారు. నైరుతి రుతుపవనాల వేళ కొండ సందుల్లో గాలి అంతకు మించి వీయవచ్చు. గాలి వాలున తేలికగా పోయిన డ్రోన్ తిరిగి ఎదురుగాలికి రావలసి ఉంటుంది. కనుక ముందు ఎదురుగాలికి పంపి, వచ్చేటప్పుడు గాలివాటు ఉండేలా చూసుకోవడం మేలు. 700 గ్రాముల తరగతి యంత్రం గాలికి స్థిరంగా నిలుస్తుంది గానీ అది మైక్రో కిందకు వస్తుంది.

మూడోది ఎండ. సాధారణ కెమెరా డ్రోన్లు 40 డిగ్రీల వరకే పనిచేసేలా రూపొందాయి. నంద్యాలలో ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బండి డిక్కీలో పెట్టిన లిథియం బ్యాటరీ ఉబ్బితే దాన్ని ఇక వాడకూడదు. పెట్టెపై 30 నిమిషాలని ఉంటే చేతికి వచ్చేది 20 నిమిషాలని లెక్క వేసుకోవాలి. మూడు బ్యాటరీలు లేకుండా ఒక పూట రైడ్ పూర్తిగా తీయడం కష్టం. కొనేటప్పుడు ఆ ఖర్చు కూడా కలుపుకోవాలి.

బండిని దానంతటదే వెంబడించే సదుపాయం నేడు చాలా రకాల్లో ఉంది. బయలు మీద చక్కగా పనిచేస్తుంది. చెట్ల కిందకు బండి దూరగానే లక్ష్యం తప్పుతుంది. అడ్డంకులను పసిగట్టే సెన్సార్లు కొన్నింటికి ముందువైపే ఉంటాయి, కొన్నింటికి అన్ని దిక్కులా ఉంటాయి. వెంబడించి తీయదలచినవారు అన్ని దిక్కులా ఉన్నదే ఎంచుకోవాలి. అయినా సన్నని వెదురు కొమ్మను, కరెంటు తీగను అవి పట్టలేవు. మాఘం దాటాక నల్లమల చెట్లు ఆకు రాల్చి పుల్లలుగా నిలుస్తాయి. ఆ పుల్లలే డ్రోన్‌కు యముళ్లు. స్పోర్ట్ మోడ్ వేస్తే చాలా రకాల్లో ఈ సెన్సార్లు పూర్తిగా ఆగిపోతాయి.

ఎత్తు లెక్కలో మెలిక

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది ఎత్తు దగ్గర. తెరపై కనిపించే ఎత్తు డ్రోన్ పైకి లేచిన చోటు నుంచి లెక్క, దాని కింద ఉన్న నేల నుంచి కాదు. లోయలో ఎగరవేసి 100 మీటర్ల ఎత్తున కొండ వైపు పంపితే, ఆ కొండ 130 మీటర్లుంటే ఢీకొనక తప్పదు. సిగ్నల్ తెగినప్పుడు దానంతటదే ఇంటికి వచ్చే 'రిటర్న్ టు హోమ్' ఎత్తును కూడా కొండను చూసి మార్చుకోవాలి. తయారీదారు అమర్చిన ఎత్తు మైదానానికి సరిపోతుంది గానీ ఇక్కడ చాలదు. అయితే 120 మీటర్ల చట్ట పరిమితి ఎలాగూ ఉంది. కాబట్టి ఎత్తయిన చోటు నుంచి ఎగురవేసి కిందికి చూపడమే క్షేమం.

పెట్టెపై రాసే పది కిలోమీటర్ల సిగ్నల్ దూరం అడ్డులేని బయలుకు వర్తిస్తుంది. మలుపు తిరిగి కొండ అడ్డం వస్తే కొన్ని వందల మీటర్లలోనే తెగిపోవచ్చు. కంటికి కనిపించేంత దూరంలోనే ఎగురవేయాలన్న నిబంధన ఇక్కడ ప్రాణరక్షణ సూత్రం కూడా. గండికోట వద్ద దాదాపు 300 అడుగుల లోతున్న లోయలోకి దించితే ఉపగ్రహ సంకేతాలు సగం తగ్గుతాయి. పైలట్ అంచున నిలిచి చూస్తుంటే కాలు జారే ప్రమాదమూ ఉంది. దుమ్ము నేలపై నుంచి లేపితే ఎర్రమట్టి గింబల్ మోటారులో చేరుతుంది. ఒక చిన్న టార్పాలిన్ ముక్క సంచిలో ఉంచుకుంటే చాలు.

కోల్పోయిన డ్రోన్ వెతకడం మరో ప్రహసనం. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు వైమానిక దళం సహా ఎందరు గాలించినా మరుసటి ఉదయం దాకా జాడ దొరకలేదు. అరచేతిలో ఇమిడే యంత్రం మాట చెప్పనక్కరలేదు. రిమోట్ తెరపై చివరి స్థానం అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉంటాయి. దాన్ని వెంటనే ఫొటో తీసుకుని, అటవీ సిబ్బందికి తెలిపి వారి తోడుతోనే వెతకాలి. చీకటి పడ్డాక ఒంటరిగా లోనికి వెళ్లరాదు.

ఈ ప్రాంతంలో నిరభ్యంతరంగా చిత్రీకరణకు అనువైనవి అడవి వెలుపలి దారులే. మహానంది, గాజులపల్లె మధ్య అరటి తోటల వెంబడి రోడ్లు, కేసీ కాలువ గట్లు, అవుకు వైపు ఎర్రమల దారులు అందుకు బాగుంటాయి. ఆలయం మీదుగా మాత్రం దేవస్థానం అనుమతి లేకుండా ఎగురవేయరాదు. 2023 జనవరిలో తిరుమల ఆలయ వైమానిక దృశ్యాలు సామాజిక మాధ్యమాల్లోకి వచ్చినందుకు కేసు నమోదైన సంగతి తెలిసిందే. అడవి లోపలి రైడ్ కోసం హెల్మెట్‌కు బిగించే యాక్షన్ కెమెరా చాలు. ధర తక్కువ, శబ్దం ఉండదు. నవంబరు నుంచి జనవరి వరకు ఉదయం మంచు విడిచాక ఎనిమిది, పది గంటల మధ్య వెలుతురు చిత్రీకరణకు అనుకూలం. గాలి కూడా ఆ వేళ తక్కువగా ఉంటుంది.