శుద్ధిచేసిన మురుగునీరు - ఏలికపాము గ్రుడ్లు

హైదరాబాదు నగరమునకు దిగువను మూసీనది వెంట పశుగ్రాసము, వరి, ఆకుకూరలు నగరపు మురుగునీటితోనే పెరుగుచున్నవి. ఆ నీటిలో కొంతభాగము అంబరుపేట మొదలైన చోట్లనున్న కేంద్రములలో శుద్ధియై వచ్చును. ఎరువు కలిసిన నీరు, వేసవిలోను ఎండని నీరు. దానిని వదలుకొమ్మని రైతుకు చెప్పుట న్యాయము కాదు. అయితే "శుద్ధి" యన్నచో అర్థమేమి? నీరు తేటపడి, దుర్గంధము పోయి, బాక్టీరియాలు తగ్గినను ఒక ప్రమాదము అందులో మిగిలియుండవచ్చును.

అది ఏలికపాము గ్రుడ్డు. మనుష్యుని చిన్నప్రేవులలో నివసించు ఆడ ఏలికపాము దినమునకు సుమారు 2 లక్షల గ్రుడ్లు పెట్టును. అవి మలముతో వెలువడి మురుగులో చేరును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు, కంటికి ఆనదు. అప్పుడే పెట్టిన గ్రుడ్డును మ్రింగినను ఏమియు కాదు. తేమగల నేలలో రెండు మూడు వారములు గడచి, లోపల పిల్ల తయారైన పిమ్మటనే అది రోగమును కలిగించును. ఆ తరువాత సంవత్సరముల తరబడి నేలలో బ్రతికియుండగలదు.

ఈ గ్రుడ్డు పెంకు పొరలు పొరలుగా నుండును. వెలుపలి పొర జిగురుగా నుండి ఆకును పట్టుకొనును. లోపలి పొర కొవ్వుజాతి పదార్థముతో ఏర్పడినందున రసాయనములను చొరనీయదు. బాక్టీరియాలను చంపుటకు నీటిలో కలుపు క్లోరిన్ దీనిని ఏమియు చేయజాలదు.

కూరగాయల ద్వారా ఏలికపాము వ్యాపించుననుటకు జెరూసలేములో దొరికిన నిదర్శనము ప్రసిద్ధమైనది. 1935-47 మధ్య అచ్చట పరీక్షించిన మలములలో సుమారు 35 శాతమునందు ఈ గ్రుడ్లు కనబడినవి. చుట్టుపట్ల పల్లెలలో శుద్ధిచేయని మురుగునీటితో పండిన కూరలను నగరవాసులు పచ్చిగా తినుచుండిరి. 1948లో నగరము రెండుగా చీలగా ఆ కూరలు పశ్చిమభాగమునకు రాకపోయెను. అచ్చట రోగము దాదాపు మాయమైనది. 1967 యుద్ధము తరువాత సరిహద్దు తొలగి కూరలు మరల వచ్చినవి. శాతము సుమారు 12కు పెరిగినది. 1970లో కలరా చెలరేగగా అట్టి సాగును ఆపిరి. ఏలికపాములు మరల తగ్గినవి. ఎవరును తలపెట్టని ప్రయోగమును చరిత్రయే చేసిపెట్టినది.

క్లోరిన్ చేయలేని పనిని బరువు చేయును. గ్రుడ్డు సాంద్రత సుమారు 1.1, అనగా నీటికన్న కొంచెమే బరువు. మురుగును వరుస మడుగులలో ఎనిమిది పది దినములు నిలువయుంచినచో గ్రుడ్లు దాదాపు అన్నియు అడుగునకు చేరును. పచ్చిగా తిను పైరులకు పెట్టు నీటిలో లీటరుకు ఒక గ్రుడ్డు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లో సూచించిన హద్దును ఈ సాదా పద్ధతి అందుకొనగలదు. కాని స్టోక్సు సూత్రము ప్రకారము కణము దిగు వేగము దాని వ్యాసపు వర్గమును బట్టి యుండును. క్రిప్టోస్పోరిడియం అను మరియొక పరాన్నజీవి కోశము 5 మైక్రాన్లే, ఏలికపాము గ్రుడ్డులో పదవ వంతు. సాంద్రత సమానమనుకొన్నను నూరవ వంతు వేగముతోనే దిగును. క్లోరిన్‌కు అదియు లొంగదు. దానికి మంచి వడపోత గాని, అతినీలలోహిత కిరణములు గాని కావలెను.

అడుగునకు దిగిన గ్రుడ్లు చావలేదు, మడ్డిలో నున్నవి. ఆ మడ్డిని పచ్చిగానే పొలమునకు తోలినచో నీటినుండి తీసిన దానిని నేలలో పెట్టినట్లే. 55 డిగ్రీలకు పైబడిన వేడిలో కొన్ని దినములు మగ్గిన ఎరువులో అవి నశించును.

వంటలోను గ్రుడ్లు బ్రతుకవు. తోటకూర పప్పునకు భయము లేదు. భయమెల్ల పచ్చిగా తిను కొత్తిమీర, పుదీనా, ముల్లంగి మొదలైన వానితోనే. ఉప్పునీరు గ్రుడ్డును చంపదు. ధారగా పడు నీటిలో ఆకును రుద్ది కడుగుట చాలవరకు దానిని ఊడ్చును.

మన దేశమున శుద్ధికేంద్రములకు 2017లో ప్రకటించిన ప్రమాణములలో మలసంబంధమైన బాక్టీరియాల సంఖ్య కలదు. గ్రుడ్ల సంఖ్య లేదు. లెక్కించుట అసాధ్యము కాదు. నీటిని తేర్చి, అడుగున నిలిచిన దానిని 1.18 సాంద్రతగల జింకు సల్ఫేటు ద్రావణములో కలుపవలెను. నీటిలో మునిగిన గ్రుడ్డే ఇందులో తేలి పైకి వచ్చును. దానిని చూచుటకు సాధారణ సూక్ష్మదర్శిని చాలును.