అమ్మాయి వాలీబాల్ సెలెక్షన్‌కు వెళ్తానంటోందా?

మీ ఇంట్లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే అమ్మాయి ఉందా? బడి నుంచి వచ్చీరాగానే పుస్తకాల సంచీ ఓ మూల పడేసి "అమ్మా, సార్ నా పేరు రాసుకున్నడే! వాలీబాల్ టీంకు సెలెక్షన్ ఉందట" అని ఎగురుకుంటూ చెప్పిందా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. చేతిలో ఉన్న చాట కాసేపు పక్కన పెట్టి చదవండి.

మాది హుజూర్‌నగర్. కిందటేడు మా పెద్దది ఇలాగే వచ్చి చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. "సరేలే, ఆడుకో" అన్నాను. సెలెక్షన్ రోజు పొద్దున నాలుగు పూరీలు పెట్టి, రెండు జడలు గట్టిగా అల్లి పంపించాను. మధ్యాహ్నానికల్లా మొహం వేలాడేసుకుని వచ్చింది. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు ఉరకమన్నారట, రెండో రౌండు సగంలోనే కళ్లు తిరిగి కూలబడిందట. బంతి ముట్టకుండానే ఇంటికి పంపేశారు. పైగా నేను కూడా "టీవీ ముందు కూర్చుంటే దమ్మెక్కడిది?" అని నాలుగు తిట్టాను. ఆ తిట్లు ఇప్పటికీ నాకు మనసులో ముల్లులాగే ఉన్నాయి సుమా! ఎందుకంటే తప్పు దానిది కాదు.

వారం రోజుల తరువాత జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 అని తేలింది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లకు కనీసం 12 ఉండాలట. డాక్టరమ్మ నా వైపు చూసి "నీక్కూడా చూపించుకోమ్మా" అన్నది. నాకూ తక్కువే! 2019-21లో దేశమంతటా చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నదని తేలింది. నూటికి 59 అంటే ఆలోచించండి. సగం కంటే ఎక్కువ మంది పిల్లలు మెట్లెక్కితే రొప్పుతున్నారు, మనమేమో బద్ధకం అంటున్నాం.

అందుకే సెలెక్షన్ తయారీ అంటే బంతి కొనడంతో కాదు, రక్తపరీక్షతో మొదలుపెట్టండి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చాలామంది పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. మాది కూడా అదే పని చేసేదని తరువాత ఒప్పుకున్నది. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది గనుక అన్నం తిన్నాక వేయించండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దు. నులిపురుగుల మాత్ర కూడా బడిలోనే ఇస్తారు, అదీ వేయించండి. ఒంట్లో పురుగులుంటే మనం పెట్టేదంతా వాటికే పోతుంది కదా! రక్తం బాగా తక్కువైతే వారానికొక మాత్ర చాలదు, ఎన్ని వేయాలో, ఎన్నాళ్లు వేయాలో డాక్టరే చెప్పాలి. మా అమ్మాయికి మూడు నెలలు పైనే పట్టింది.

ఇక తిండి. పుంటికూర, తోటకూర, మునగాకు, పెసర్లు, శనగలు, తైదల జావ ఇవన్నీ మన ఇళ్లల్లో ఉండేవే. కానీ ఒక చిన్న కిటుకు. పప్పు, ఆకుకూరలు తినేటప్పుడు ఇంత నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే చాయ తాగితే ఆ ఇనుము పట్టదు. మా ఇంట్లో అన్నం కాగానే చాయ అలవాటు మా అత్తమ్మది, ఆమెను చూసి పిల్లలు నేర్చుకున్నారు. గంట సేపైనా ఆగాలని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది.

సాయంత్రం గ్రౌండ్‌కు పోయే ముందు మా అమ్మాయికి గుడాలు పెడతాను. బొబ్బర్లో శనగలో రాత్రి నానబెట్టి ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపు వేసి నిమ్మకాయ పిండితే చాలు. సంచీలో వేసుకుపోవడానికి పల్లీ నువ్వుల ముద్దలు. పల్లీలు రెండు గ్లాసులు, నువ్వులు ఒక గ్లాసు విడివిడిగా దోరగా వేయించాలి. పల్లీల పొట్టు తీసి, రెండూ కలిపి బరకగా మిక్సీ పట్టి, గ్లాసున్నర బెల్లం తురుము వేసి మళ్లీ ఒక్క తిప్పు తిప్పండి. పల్లీల్లో ఉండే నూనెకే ముద్ద అవుతుంది, నెయ్యి అక్కరలేదు. డబ్బాలో పెడితే పది రోజులు ఉంటాయి. మా ఇంట్లో మాత్రం మూడు రోజులు దాటవు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆట దగ్గరికి వద్దాం. నాకు వాలీబాల్ రాదు. మేం చదువుకునే రోజుల్లో నెట్టు కట్టేది మగపిల్లలకే. ఆడపిల్లల చేతికి ఒక రబ్బరు రింగు ఇచ్చి, లేకుంటే ఖోఖో ఆడమని వదిలేసేవారు. అందుకే పి.ఇ.టి. సార్‌నే వెళ్లి అడిగాను, సెలెక్షన్‌లో ఏం చూస్తారని. అడగడానికి సిగ్గుపడకండి. తల్లి వచ్చి అడిగితే సార్లకు కూడా సంతోషమే.

చూసేవి కొన్నే. సర్వీస్ నెట్టు దాటి కోర్టులో పడుతుందా? అవతలి నుంచి వచ్చిన బంతిని రెండు చేతులూ జోడించి అండర్ హ్యాండ్‌తో పైకి లేపగలదా? వేళ్లతో అప్పర్ హ్యాండ్ పాస్ ఇవ్వగలదా? బంతి కోసం ఉరుకుతుందా, నిలబడి చూస్తుందా? ఇంకొకటి, నోరు. అవును, నోరే! బంతి తనది అయినప్పుడు "నాది!" అని గట్టిగా అరవాలి. లేకుంటే ఇద్దరు పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు, బంతి మధ్యలో పడుతుంది. మన ఆడపిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే అని సార్ అన్నారు. పుట్టినప్పటి నుంచి "మెల్లగా మాట్లాడు" అని నేర్పిన వాళ్లం మనమే కదండీ! మా అమ్మాయి మొదటి వారం "నాది" అనలేక నవ్వేసేది.

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. ఆడవాళ్ల నెట్టు ఎత్తు 2 మీటర్ల 24 సెంటీమీటర్లు, అంటే మన లెక్కలో ఏడడుగుల నాలుగు అంగుళాలు. చిన్నపిల్లలకు కొంచెం కిందికే కడతారు గానీ, మేం మాత్రం ఆ ఎత్తునే పట్టుకున్నాం. మా వాకిట్లో బట్టలారేసే దండెం విప్పి, మా వారు టేపు పెట్టి కొలిచి సరిగ్గా ఏడడుగుల నాలుగు అంగుళాల మీద కట్టారు. మీద ఒక పాత చీర వేస్తే నెట్టు తయారు. అటు అది, ఇటు దాని తమ్ముడు. ఎవరూ లేనప్పుడు గోడే తోడు. గోడకేసి కొట్టి, తిరిగొచ్చిన బంతిని కింద పడనీయకుండా వంద లెక్కపెట్టాలి. సున్నం వేసిన గోడ మీద గుండ్రటి మచ్చలు పడ్డాయి. పండుగకు మళ్లీ వేసుకోవచ్చులే అనుకున్నాను.

సర్వీస్‌కు మాత్రం వాకిలి చాలదు. గీత నుంచి నెట్టు వరకే దాదాపు 30 అడుగులు ఉంటుంది. దానికి గ్రౌండ్ కావాలి. సాయంత్రం గ్రౌండ్ నిండా మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఆడపిల్లలు ఓ మూల నిలబడి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూడడమే. చివరికి మేం నలుగురు తల్లులం కలిసి పోయి అడిగినం. "బాబూ, ఐదున్నర దాకా ఈ పక్క మా పిల్లలకు వదలండి" అంటే, వాళ్లేం గొడవ పెట్టలేదు. అందులో ఒకతను తరువాత నెట్టు కట్టడానికి కూడా వచ్చాడు. మనం అడగక పోగొట్టుకునేవి ఎన్నో!

పొట్టి పిల్ల అని దిగులుపడే తల్లులకు ఒక మాట. 1998 నుంచి ఈ ఆటలో లిబెరో అని ఒక స్థానం ఉంది. వేరే రంగు చొక్కా వేసుకుని వెనక వరుసలోనే ఆడుతుంది. స్మాష్ కొట్టే పని లేదు, కింద పడే బంతిని పట్టి లేపడమే పని. దీనికి ఎత్తు కన్నా చురుకుదనం ముఖ్యం.

దెబ్బల సంగతి. మొదట్లో ముంజేతులు ఎర్రగా కందిపోతాయి, చూసి కంగారుపడకండి, పది రోజుల్లో అలవాటవుతాయి. వేలు బెణికితే మాత్రం మన ఇళ్లల్లో వెంటనే పట్టి లాగుతారు. అలా లాగవద్దు! ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఓ పావుగంట పెట్టి, పక్కవేలితో కలిపి టేపు వేయండి. వాపు తగ్గకపోయినా, వేలు వంకరగా కనిపించినా ఎక్స్‌రే తీయించాలి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు వంచి మెత్తగా దిగమని చెప్పండి, కర్రలాగా నిటారుగా దిగితే మోకాలికి ప్రమాదం. చెప్పులతో, ఒట్టి కాళ్లతో ఆడించవద్దు. గోళ్లు కత్తిరించాలి, గాజులు, జూకాలు తీసేయాలి.

ఇప్పుడు ఇంట్లో పెద్దల సంగతి. "ఆడపిల్లకు బంతాటేందే? ఎండల నల్లబడ్తది, రేపు సంబంధాలు ఎట్ల కుదుర్తయ్?" అని మా అత్తమ్మ. ట్రాక్ ప్యాంటు చూసి రెండు రోజులు మాట్లాడలేదు. నేను ఎదురు చెప్పలేదు. ఒక రాత్రి అన్నాలయ్యాక జపాను అమ్మాయిల కథ చెప్పాను. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి వాలీబాల్ పెట్టారు. ఆడవాళ్లలో బంగారు పతకం గెలిచిన జపాను జట్టులో ఎక్కువమంది ఒక బట్టల మిల్లులో పనిచేసేవాళ్లు. పగలంతా మిల్లులో పని, ఆ తరువాత రాత్రి పొద్దుపోయే దాకా ఆట. కింద పడి దొర్లి బంతిని లేపడం వాళ్ల ప్రత్యేకత. ఆఖరి మ్యాచ్‌లో రష్యా వాళ్లను మూడు సెట్లలోనే ఓడించారు. కెప్టెన్ కసాయి మసాయె అనే ఆమెకు ఆ తరువాత పెళ్లి సంబంధం చూసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తు జపాను ప్రధానమంత్రి! "ప్రధానమంత్రే సూసిండా?" అని మా అత్తమ్మ నోరు తెరిచింది. మన పి.వి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లేనని, తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారని, 2000లో అర్జున అవార్డు వచ్చిందని కూడా చెప్పాను. తెల్లారి ట్రాక్ ప్యాంటు ఉతికి ఆరేసింది ఆమే.

బడి ఆటల పోటీలు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పేరు మీద జరుగుతాయి. అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని వయసును బట్టి విడదీస్తారు. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఎంపిక. బోనఫైడ్, ఆధార్ జిరాక్సు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, నాలుగు ఫొటోలు ముందే ఒక కవర్లో పెట్టండి. ఆధార్‌లో ఒక తేదీ, బడి రికార్డులో ఒక తేదీ ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఆడగలిగిన పిల్ల కాగితం దగ్గర ఆగిపోతే ఆ బాధ చెప్పలేనిది.

ఇంకొక సంగతి, మనం పైకి చెప్పుకోనిది. సెలెక్షన్ రోజు తెల్లవారుజామునే మా అమ్మాయికి నెలసరి వచ్చింది. ఏడుపు మొహంతో వచ్చి "ఇంక పోనమ్మా" అన్నది. నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. పదో తరగతిలో నల్గొండ పోటీలకు నన్ను తీసుకుంటే, తోడు ఎవరూ రారని మా ఇంట్లో పంపలేదు. ఆ రోజు బస్సు పోతుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. అందుకే దాన్ని కూర్చోబెట్టి చెప్పాను, నెలసరిలో ఆడితే ఏమీ కాదు, ఒంట్లో ఓపిక ఉంటే చాలని. సంచీలో రెండు ప్యాడ్లు, పాత న్యూస్ పేపరు, ముదురు రంగు ప్యాంటు ఒకటి అదనంగా పెట్టాను. నెలసరి వాయిదా వేసే మాత్రలు మాత్రం డాక్టర్ని అడగకుండా ఇవ్వవద్దు. ఆ రోజు పొద్దున రెండున్నర గంటల ముందే నాలుగు ఇడ్లీలు, తరువాత ఒక అరటిపండు. సీసాలో నిమ్మకాయ, చక్కెర, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు. పూరీల జోలికి పోలేదు.

నేనూ వెళ్లి చెట్టు కింద కూర్చున్నాను. రెండు రౌండ్లూ ఉరికింది! సర్వీస్ మొదటిది నెట్టుకు కొట్టింది. విజిల్ ఊదాక 8 సెకన్లు టైం ఉంటుంది, తొందరపడొద్దని సార్ ఎన్నిసార్లు చెప్పినా మొదటిది తొందరలోనే పోయింది. రెండోది దాటింది, మూడోదీ దాటింది. తరువాత ఎటు నుంచో "నాది!" అని గట్టిగా వినపడింది. చూస్తే మాదే.

మండలంలో తీసుకున్నారు. జిల్లా ఎంపికకు సూర్యాపేట వెళ్లాం. 2016లో జిల్లాలు మారినప్పటి నుంచి మాకు నల్గొండ కాదు, సూర్యాపేటే. అక్కడ పన్నెండు మందిలో దాని పేరు రాలేదు. బస్సులో ఒక పిల్ల స్మాష్ ఎలా కొట్టిందో, ఇంకో పిల్ల ఎంత ఎత్తు ఎగిరిందో చెబుతూ, మధ్యలో కాసేపు ఏడ్చి, మిగిలిన రెండు ముద్దలు తిని నా భుజం మీద నిద్రపోయింది. మూడు రోజులు బంతి మంచం కిందే ఉన్నది. నేనేమీ అనలేదు. నాలుగో రోజు సాయంత్రం గోడ మీద దబ్ దబ్ అని చప్పుడు మొదలైంది.

దండెం ఇప్పటికీ ఏడడుగుల నాలుగు అంగుళాల మీదే ఉంది. మా అత్తమ్మ రోజూ స్టూలు వేసుకుని బట్టలు ఆరేస్తూ, "దీన్ని కొంచెం కిందికి కట్టరాదే" అని గొణుగుతూనే ఉంది.